ఖర్జూరపు చెట్టుకు తొలి చుక్క

ఈ వృత్తాంతంలో సగం ఖుర్రం చెప్పినది, సగం బేబి గారు సరిదిద్దినది. ఖుర్రం నిజామాబాదు వాడు. బహ్రెయిన్ రాజధాని మనామాలోని ఒక హోటల్‌కు చాలాకాలంగా కారు నడుపుతున్నాడు. విమానాశ్రయం నుంచి అతిథులను తీసుకువస్తూ, దారిలో అడిగినవారికీ అడగనివారికీ ఈ కథ వినిపిస్తాడు. ఈ కథలో మంచు ఉంది, అతని నోట అది కొంచెం ఎక్కువగానే కురుస్తుంది. బేబి గారు అదే హోటల్‌లో భోజనశాల మేనేజరు. అమలాపురంలో పుట్టి, విదేశంలో హోటల్ విద్య చదివిన మనిషి. ఆమె చెబుతున్నప్పుడు మంచు తగ్గి, గ్లాసుల ఆకారమూ బల్లల వరుసా ఎక్కువవుతాయి. ఇద్దరూ ఒప్పుకున్న సంగతులను మాత్రమే ఇక్కడ ఉంచడం జరిగింది. ఆ ఇద్దరికీ తెలియనిది, పరశురాం మనసులో జరిగినది, తరువాత గలాలీ అనే ఊళ్లో చెట్టు నీడన కూర్చుని పరశురామే చెప్పాడు.

పరశురాం ఆ భోజనశాలలో వెయిటరు. పొద్దున తలుపులు తెరవగానే అతను మొట్టమొదట చెట్టు కింద బల్లను తుడిచేవాడు. మిగిలిన బల్లలకు ఒక గుడ్డ సరిపోయేది. ఈ బల్లకు రెండు కావలసి వచ్చేవి, ఎందుకంటే చెంచాల మీద, పళ్లేల అంచుల మీద సన్నని మంచు పేరుకుని ఉండేది. తుడిచిన తరువాత నాలుగు కుర్చీల వీపులకూ నాలుగు ఊలు శాలువలు వేసేవాడు. బయట ఆగస్టు నెల బహ్రెయిన్ ఎండ. రోడ్డు మీద తారు మెత్తబడి చెప్పులకు అంటుకునేది.

ఆ చెట్టు అలంకారం కోసం తెచ్చి, పెద్ద మట్టి తొట్టిలో నాటిన ఖర్జూరపు చెట్టు. మనిషెత్తు కంటే కాస్త పొడుగు. దాని చుట్టూ మూడు బారల మేర కొండచలి ఉండేది. ఈ విషయమై హోటల్‌లో ఎవరూ చర్చించినట్టు తెలియదు. వేసవిలో ఆ బల్ల కావాలంటే ముందే చెప్పుకోవాలని ఊళ్లో అందరికీ తెలుసు. మనామా బజారులోని ఒక వృద్ధ బంగారు వర్తకుడు తన ఉన్ని కోటును హోటల్‌లోనే వదిలి వెళ్లేవాడు. ఒకసారి ఏసీ మెకానిక్ వచ్చి, నిచ్చెన ఎక్కి, ఆకుల చివర మంచు చూసి, "ఈడ నాకేం పనిలేదు" అని నిచ్చెన పక్కకు జరుపుకుని పోయాడు.

ఆ బల్ల దగ్గర ఎక్కువగా అడిగే పానీయం స్కియావా. ఇటలీకి ఉత్తరాన, మంచుకొండల వాలులో, పందిళ్ల మీద పాకించిన తీగల నుంచి కోసిన ద్రాక్షతో చేసే ఎర్ర వైన్ అది. ఎర్ర వైన్ అనగానే చిక్కగా, నల్లగా, నాలుకను పట్టి లాగేదిగా ఊహించుకునేవారికి ఇది మొదటి చూపులో నిరాశ కలిగిస్తుంది. గ్లాసులో పోసి వెలుతురుకు పెడితే అవతలివాళ్ల వేళ్లు కనబడతాయి. కొత్త వెయిటర్లకు బేబి గారే స్వయంగా పాఠం చెప్పేవారు.

"పల్చగా ఉందని నీళ్లనుకోకండి. వాసన చూడండి. స్ట్రాబెరీ పండు, వెనకాల తిరునాళ్లలో అమ్మే పీచుమిఠాయి. మింగాక చివర్న బాదం తొక్క చేదు చిటికెడు. ఆ చేదు దొరికిందా, లేదా?"

"దొరికింది మేడం," అన్నాడు పరశురాం, మొదటిరోజు.

"ఎర్ర వైన్‌ని గది చల్లదనంలో ఇవ్వాలని పుస్తకాల్లో రాస్తారు. ఆ గది ఎక్కడిదయ్యా? ఆ కొండల్లోది. మన మనామా గది కాదు. దీన్ని ఇంకా కాస్త చల్లగా ఇవ్వాలి. సీసా ముట్టుకుంటే చెయ్యి వెనక్కి లాక్కోకూడదు, అలాగని హాయిగా పట్టుకునీ ఉండకూడదు. వేడెక్కిందంటే సారా వాసన పైకొస్తుంది, పండు చచ్చిపోతుంది. ఘాటు మసాలా పక్కన పెట్టకండి. పొగపెట్టిన చేప, పుట్టగొడుగులు, మెత్తని జున్ను, అంతే. దాచుకుని దాచుకుని తాగేదీ కాదు, ఏ ఏటిది ఆ ఏడే."

"అంటే పొద్దుటి కల్లు లెక్క మేడం. ఎండెక్కితే పాడైతది."

బేబి గారు నవ్వి, "నీకు అలా గుర్తుంటే అలాగే గుర్తుపెట్టుకో. గెస్టుల ముందు మాత్రం అనకు, నాయనా," అన్నారు.

పరశురాంది జగిత్యాల దగ్గర ఒక గౌడుల ఇల్లు. తాతా తండ్రీ కల్లు కోసం ఈత చెట్లు గీసినవారు. అతను మాత్రం చెట్టెక్కే మోకు భుజాన వేసుకోకుండా, హోటల్ పని నేర్చి, ఊరివాళ్లకు గల్ఫంతా దుబాయే గనుక దుబాయి పోతానని ఊరంతా చెప్పి బహ్రెయిన్ వచ్చాడు. కానీ నాయనమ్మ కనకవ్వ చేసే ఒక పని అతని చేతుల్లోకి వచ్చి ఉండిపోయింది. కల్లు లొట్టి దించగానే ఆమె తను తాగేది కాదు, ఎవరికీ పోసేదీ కాదు. ముందుగా చెట్టు మొదట్లో నాలుగు చుక్కలు ఒంపేది. దానిని సాక పోయడం అంటారు. ఈత చెట్టుకు ఖర్జూరం తోబుట్టువు. అదే కాండం, అదే ముల్లు, అదే ఆకు. తొట్టిలోని చెట్టును చూసిన మొదటిరోజే పరశురాంకు ఇంటి మనిషి ఎదురైనట్టయింది. స్కియావా సీసా బిరడా తీయగానే, బల్ల దగ్గరికి వెళ్లే దారిలో, చెట్టు వెనుక ఒక్క క్షణం ఆగి, తొలి చుక్కలు మట్టిలో ఒంపి, తరువాత అతిథి దగ్గరకు పోయేవాడు. ఎవరూ చూసేవారు కాదు.

చలి మొదలైంది ఆ తరువాతనే. ఈ రెండింటికీ సంబంధం ఉందని పరశురాం మొదట అనుకోలేదు. ఒకసారి జ్వరం వచ్చి కొన్నాళ్లు పడకేశాడు. తిరిగి వచ్చేసరికి శాలువలు మడిచి అలమరలో పెట్టి ఉన్నాయి, ఆకులు వేలాడుతున్నాయి. మళ్లీ సాక పోయడం మొదలుపెట్టగానే ఆకుల చివరలు తెల్లబడ్డాయి. అప్పుడు తెలిసింది. తెలిసినా ఎవరికీ చెప్పలేదు. హోటల్ వైన్‌ను మట్టిలో పోస్తున్నానని ఏ నోటితో చెప్పగలడు?

చిక్కు ఐదో గ్లాసు దగ్గర వచ్చింది. ఒక సీసాకు ఐదు గ్లాసులు రావాలి. పరశురాం పోస్తే ఐదోది ఎప్పుడూ కొంచెం వెలితిగా ఉండేది. ఆ గ్లాసు తమ వంతుకు వచ్చిన అతిథులలో ఇద్దరు ముగ్గురు ముఖం చిట్లించారు. ఆ సంగతి సూపర్‌వైజరు ఇంతియాజ్ చెవిన పడింది. ఇంతియాజ్ కరీంనగర్ మనిషి. తను చుక్క ముట్టడు, కానీ పనిలో నిక్కచ్చి. అంతకుముందు ఒక వెయిటరు మంచివాడని హామీ పడి, ఆ వెయిటరు డ్యూటీలో తాగి దొరికితే యజమాని ముందు తల వంచుకుని నిలబడ్డవాడు. ఇప్పుడు పరశురాం భార్య సరితకు హోటల్ వంటశాలలో పని ఇప్పించడానికి, ఆమె వీసా కోసం యజమానితో మాట్లాడినదీ అతనే. పెళ్లయిన దగ్గర్నుంచి వాళ్లిద్దరూ కలిసి ఉన్న కాలం సెలవుల్లోనే. వీసా మీద యజమాని సంతకం ఒక్కటే మిగిలి ఉంది.

గురువారం మధ్యాహ్నం భోజనాలు అయిపోయాక ఇంతియాజ్ పరశురాంను గ్లాసులు తుడిచే గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"సీసా పట్టుకొని చెట్టెనకకు ఎందుకు పోతున్నవ్?"

పరశురాం తుడిచిన గ్లాసునే మళ్లీ తుడిచాడు.

"కెమెరాల చెట్టు అడ్డమొస్తున్నది. నువ్వు పోవుడు కనబడ్తది, వచ్చుడు కనబడ్తది. నడుమ ఏం జేస్తున్నవ్?"

"తాగలే సాబ్. నాయనమ్మ మీద ఒట్టు."

"నాయనమ్మను దీంట్లకు తేకు. మరి ఏడికి పోతున్నది మాలు?"

చెట్టుకు పోస్తున్నానని చెబితే రెండు సంగతులు జరుగుతాయని పరశురాంకు తెలుసు. నమ్మకపోతే నవ్వుతారు. నమ్మితే చెట్టును బయట ఎండలో పడేస్తారు. ఆ రెండో సంగతికే అతను భయపడ్డాడు.

"రేపు జుమ్మా. మన మాలిక్ షేఖ్ సాబ్ వస్తున్నడు," అన్నాడు ఇంతియాజ్, గొంతు తగ్గించి. "ఈ వైన్ చేసేటోళ్లు, ఆ కొండల మొగుడు పెండ్లాలు, ఆయన గెస్టులు. చెట్టు కింద బల్ల వాళ్లదే. బిరడా తీసినకాడికెల్లి గ్లాసులకు పోసేదాంక నువ్వు నా కండ్ల ముందల ఉండాలె. చెట్టెనకకు ఒక్క అడుగు పోయినవా, ఖలాస్. నీ పెండ్లాం వీసా గురించి నేను మల్ల నోరు తెరవ. నా మాట పోయింది ఒక్కసారే సాలు."

ఆ సాయంత్రం సరిత ఫోన్ చేసింది. ఆమెకు ఈ గొడవ తెలియదు. చెట్టు దగ్గర చలి సంగతి మాత్రం పరశురాం ఎప్పుడో చెప్పి ఉన్నాడు, వచ్చేటప్పుడు ఒక గొంగడి తెమ్మన్నాడు.

"ఏందయ్యా, నన్ను ఊరంత నవ్వుతున్నరు. దుబాయికి గొంగడి ఎందుకే పిల్లా, ఆడ గొర్లు గాసుడా అని అంజవ్వత్త ఒకటే ఎక్కిరిచ్చుడు."

"కొన్నవా?"

"కొనకుంటనా? మంచిది, నల్లది, దగ్గరి నేత. గంతగనం సలి ఉంటదా, నిజంగనా?"

"ఉంటది," అన్నాడు పరశురాం. ఆ మాట అంటుంటే అతని కళ్లు తొట్టి మీద పడ్డాయి. రేపు ఈ వేళకు ఉంటుందో లేదో అతనికే తెలియదు.

శుక్రవారం మధ్యాహ్నం బల్ల సిద్ధమైంది. యజమాని వంతెన అవతలి ముహర్రఖ్ ద్వీపంలో, బుసైతీన్‌లో పుట్టి గలాలీలో ఇల్లు కట్టుకున్న పెద్దాయన. తెల్లని పొడుగు తోబు అంగీ ధరించి, చేతిలో జపమాలతో వచ్చి కూర్చున్నాడు. తన ముందు దానిమ్మ రసం పెట్టించుకున్నాడు. ద్రాక్షతోట దంపతులు శాలువలు కప్పుకుని, ఇది తమ ఇంటి పక్కనే ఉన్నట్టుందని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. బేబి గారు స్వయంగా వంటకాలు వివరించారు. ఇంతియాజ్ స్తంభం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మొదటి సీసా పరశురాం వాళ్ల ఎదుటే తెరిచాడు. చెట్టు వైపు తిరగలేదు. ఆచారం ప్రకారం విందు ఇచ్చేవారు తొలి గుక్క రుచి చూడాలి. యజమాని తాగడు గనుక ద్రాక్షతోట ఆయన రుచి చూసి తల ఊపాడు. గ్లాసులు నిండాయి, ఒక్కటీ వెలితి పడలేదు. ఇంతియాజ్ ముఖంలో బిగువు కొంచెం సడలింది.

చేపల పళ్లెం రాకముందే మొదటి నీటి చుక్క ఆకు చివరి నుంచి రాలి బల్లగుడ్డ మీద పడింది. తరువాత మరొకటి. పరశురాం చూశాడు. ఆకుల మీద తెలుపు కరుగుతోంది. ద్రాక్షతోట ఆవిడ శాలువ భుజాల మీంచి జారవిడిచింది. ఆమె భర్త కాలరు బొత్తాం తీసుకున్నాడు. మండే వీధి గోడల్లోంచి లోపలికి నడిచి వస్తున్నట్టు వేడి ఆ బల్లను చేరింది. బేబి గారు ఏసీ పెంచమని సైగ చేశారు. పెంచారు. మిగిలిన బల్లల వాళ్లు వణికారు, ఈ బల్ల మాత్రం ఉడికింది.

ద్రాక్షతోట ఆయన గ్లాసు ఎత్తి, వాసన చూసి, తాగకుండా కింద పెట్టాడు. మర్యాద తెలిసినవాడు కావడంతో ఏమీ అనలేదు. యజమాని ఆ గ్లాసు వైపూ, తన మనుషుల వైపూ చూశాడు. బేబి గారు మంచు బకెట్టు తెప్పించి రెండో సీసాను అందులో ఉంచారు. బకెట్టులో మంచు చూస్తుండగానే నీరైపోయింది.

చెట్టు ఒక ఆకును పూర్తిగా వదిలేసింది. అది మెల్లగా, మనిషి చెయ్యి జారినట్టు జారి, యజమాని మోకాలి మీద వాలింది.

బకెట్టులోంచి రెండో సీసా తీసి, పరశురాం బిరడా తీయకుండా చెట్టునే చూస్తుండటం బేబి గారు గమనించారు. "ఏమయ్యా, ఒంట్లో బాగోలేదా? నేను పొయ్యనా?" అని చెవిలో అడిగారు. అతను తల అడ్డంగా ఊపాడు. ఎదురుగా స్తంభం పక్కన ఇంతియాజ్. కళ్లతోనే, వద్దు, అంటున్నాడు. ఆ చూపు బెదిరింపు కాదు, బతిమాలడం. అది పరశురాంకు అర్థమైంది. నల్ల గొంగడి ఒకటి, దగ్గరి నేతది, మడిచి పెట్టెలో పెట్టినది, అతని కళ్ల ముందు మెదిలింది. ఆ గొంగడి రావాలంటే తను కదలకుండా నిలబడితే చాలు. చెట్టు పోతే పోతుంది, తొట్టిలో చెట్టు.

బిరడా తీశాడు. రెండడుగులు వేశాడు. చెట్టు వెనక్కి పోలేదు. ముందే, అందరి కళ్ల ముందే, ఒంగి మట్టిలో నాలుగు చుక్కలు ఒంపాడు. నాయనమ్మ అనే మాటలే, పెదవులు కదిలీ కదలనట్టు అన్నాడు.

భోజనశాలలో చెంచాల చప్పుడు ఆగిపోయింది.

"యా పరశురాం," అన్నాడు యజమాని, గల్ఫు హిందీలో. "నా అతిథి రుచి చూడకముందు నేలకు పోశావా?"

"చెట్టుకు సాబ్."

"ఎప్పటి నుంచి?"

"వచ్చినప్పటి సంది. నేను తాగలే సాబ్. దాని వంతు దానికి పోసిన."

ఇంతియాజ్ ముందుకు వచ్చి ఏదో చెప్పబోయాడు. యజమాని జపమాల ఉన్న చెయ్యి ఎత్తి ఆపాడు. అప్పటికే ద్రాక్షతోట ఆవిడ శాలువ వెతుక్కుంటోంది. ఆకుల చివరలు ఒక్కొక్కటే తెల్లబడుతున్నాయి. గ్లాసుల బయట సన్నని చెమ్మ పట్టింది. ఆమె భర్త గ్లాసు అందుకుని, వాసన చూసి, ఈసారి తాగాడు. తాగి కళ్లు మూసుకున్నాడు. మళ్లీ మాటలు మొదలయ్యాయి. జున్ను గురించి, పుట్టగొడుగుల గురించి, ఆ ఏడు పందిళ్ల మీద పడిన వడగళ్ల గురించి మాట్లాడుకున్నారు. చెట్టు గురించి ఎవరూ అడగలేదు.

యజమాని మాత్రం భోజనం ముగిసేదాకా జపమాల తిప్పుతూ తొట్టి వైపే చూశాడు. లేచేముందు తొట్టి దగ్గరికి వెళ్లి, మట్టిలో వేలు గుచ్చి చూశాడు. వేలికి ఎర్రటి తడి అంటింది. చేతిరుమాలుతో తుడుచుకుని, ఇంతియాజ్ చెవిలో రెండు ముక్కలు చెప్పి వెళ్లిపోయాడు.

"ఏమన్నడు సాబ్?" అని అడిగాడు పరశురాం.

"నువ్వు ఈ హాల్‌ల ఇంక సర్వ్ చెయ్యొద్దన్నడు." ఇంతియాజ్ అతని ముఖంలోకి చూడలేకపోయాడు. "ఐతారం పొద్దుగాల సామాన్ సదురుకొని గేటు కాడ ఉండు. ఖుర్రం వస్తడు."

"ఏడికి?"

"నాకు చెప్పలే. ఒట్టు, చెప్పలే." ఖాళీ సీసా అందుకుని, "అరె పిచ్చోడా, చెట్టుకు పోసిన అని నాకన్న చెప్పకపోతివి," అన్నాడు.

"చెప్తే ఏం జేస్తుంటివి?"

ఇంతియాజ్ ఆలోచించాడు. "నవ్వుతుంటి," అన్నాడు నిజాయితీగా.

శనివారం పరశురాం ఊరికి ఫోన్ చేసి, గొంగడి ఎవరికన్నా ఇచ్చెయ్యమన్నాడు. ఎందుకని సరిత అడిగితే మాట మార్చాడు. "నువ్వు చెప్పకుంటే నేనియ్య," అని ఆమె ఫోన్ పెట్టేసింది. భోజనశాల తలుపు దగ్గర నిలబడి లోపలికి చూస్తే, చెట్టు ఉన్న మూల ఖాళీగా ఉంది. తొట్టి ఉన్నచోట గుండ్రని తడి మరక. ఎవరు తీసుకుపోయారో అడిగే ధైర్యం అతనికి లేకపోయింది.

ఆదివారం ఖుర్రం కారు గేటు ముందు ఆగింది. పెట్టె వెనక పెట్టి పరశురాం ముందు సీట్లో కూర్చున్నాడు. ఖుర్రంకు మాట్లాడకుండా బండి నడపడం చేతకాదు. అందువల్ల బజారు రద్దీ గురించి, తన కూతురు కైనాత్ పరీక్షల గురించి, పెట్రోలు గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. కారు వంతెన ఎక్కింది. వంతెనకు అవతల ముహర్రఖ్, ముహర్రఖ్‌లోనే విమానాశ్రయం. తక్కువ ఎత్తున ఒక విమానం వాళ్ల మీదుగా దిగింది.

"ఏసీ తగ్గియ్యాల్నా భాయ్? వణుకుతున్నవ్."

"వద్దు."

విమానాశ్రయం బోర్డు కనబడింది. బండ్లు బారులు తీరి ఉన్నాయి. కారు నెమ్మదించింది. పరశురాం జేబులో చెయ్యి పెట్టి పాస్‌పోర్టు ఉందో లేదో తడుముకున్నాడు. ఊరు కనబడింది, సరిత నవ్వని ముఖం కనబడింది, అంజవ్వత్త అడగబోయే ప్రశ్నలన్నీ వినబడ్డాయి. దారి దొరకగానే ఖుర్రం మలుపు దాటి తిన్నగా పోనిచ్చాడు.

"మలుపు పోయింది భాయ్," అన్నాడు పరశురాం, వెనక్కి తిరిగి చూస్తూ.

"ఏ మలుపు?"

"ఎయిర్‌పోర్టుది."

"అరె, ఎయిర్‌పోర్టుకు ఎవడు పోతున్నడు? గలాలీ పోవాలె గదా మనం, షేఖ్ సాబ్ ఇంటికి. నీకు చెప్పలేదా?" ఖుర్రం అతని వైపు తిరిగి చూసి, స్టీరింగు మీద చేత్తో కొట్టాడు. "యా అల్లా! గందుకేనా వణుకుడు! నేను ఏసీ అనుకుంటున్న!"

గలాలీలో యజమాని ఇంటి ప్రహరీ పక్కన, తాజాగా తవ్విన గొయ్యిలో, ఖర్జూరపు చెట్టు నేల మీద నిలబడి ఉంది. పక్కన ముక్కలైన తొట్టి. యజమాని గొడుగు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"అతిథి కంటే ముందు ఎవరికీ పోయకూడదు, అది నా హాలులో నియమం. అందుకని నువ్వు అక్కడ ఉండకూడదు," అన్నాడు. "చెట్టు తొట్టిలో ఇంకో వేసవి బతకదు. అందుకని అదీ అక్కడ ఉండకూడదు. నా ఇంట్లో వైన్ ఉండదు. ఇక్కడ దానికి ఏం పోస్తావు?"

పరశురాం చెట్టును చూశాడు.

"నీళ్లు సాబ్. నేను తాగేముందు."

యజమాని లేచి, కుర్చీ అతనికే వదిలి లోపలికి పోయాడు. పరశురాం ఆ ఇంటి తోట పనికి కుదిరాడు. సరిత వీసా మీద సంతకం ఆ సాయంత్రమే జరిగింది.

ఇక ఎవరెవరు ఏమయ్యారన్నది. బేబి గారు నేటికీ అదే భోజనశాలలో ఉన్నారు. చెట్టు లేని మూలలో స్కియావాను బకెట్టులో పావుగంట ఉంచి, తీసి, గ్లాసులో సగం మించకుండా పోయించి, చివరి బాదం చేదు దొరికేదాకా అతిథిని తొందరపెట్టరు. ఐదో గ్లాసు ఇప్పుడు సమంగా వస్తుంది. వైన్ అంతకుముందు ఉన్నంత బాగా ఉండదని ఆమె ఎవరికీ చెప్పరు, అడిగితే కాదనరు. ద్రాక్షతోట దంపతులు మళ్లీ వచ్చారు. ఆ బల్ల ఏదని అడిగి, మూల ఖాళీగా చూసి, వెంట తెచ్చుకున్న శాలువలు మడిచి సంచిలో పెట్టుకున్నారు. ఖుర్రం ఇంకా కారు నడుపుతూ, ఇంకా కథ చెబుతూ, తన వంతు మంచు కలుపుతూనే ఉన్నాడు. ఇంతియాజ్ నెలకొకసారి ఫ్లాస్కు నిండా చాయ్‌తో గలాలీ వస్తాడు. కప్పులో పోసుకున్నాక, ఎవరూ చూడటం లేదనుకుని, రెండు చుక్కలు చెట్టు మొదట్లో ఒంపుతాడు. చెట్టు ప్రహరీ దాటి పెరిగింది. ఎండకాలపు మధ్యాహ్నాలు, బయటి పనులు ఆపే వేళ, పక్క సైటు కూలీలు వచ్చి ఆ నీడన కూర్చుంటారు. తెలిసినవారు కంబళి తెచ్చుకుంటారు. దాని పైకెక్కి గెలలు సవరించేది పరశురామే. వద్దనుకుని వదిలేసి వచ్చిన మోకును ఊరి నుంచి తెప్పించుకున్నాడు.

తెచ్చింది సరిత. ఆగస్టు ఎండలో, భుజం మీద నల్ల గొంగడితో విమానం దిగింది. పాస్‌పోర్టు చూసే అధికారి గొంగడి వైపు చూసి, ఇదేమిటని కళ్లతో అడిగితే, ఆమె కూడా కళ్లతోనే, నాకేం తెలుసు, అంది. ఖుర్రం ఆమెనూ, ఎదురు వచ్చిన పరశురాంనూ గలాలీలో దింపాడు. పరశురాం చెంబుతో నీళ్లు తెచ్చి, ముందు చెట్టుకు ఒంపి, తరువాత ఆమెకు ఇచ్చాడు. ఆమె తాగింది. చెట్టు కింద నిలబడింది. గొంగడి విప్పి కప్పుకుంది, అంచులు దగ్గరికి లాక్కుంది.

"ఏందయ్యా," అంది చలికి పళ్లు టకటకలాడుతుండగా, "రెండు తెమ్మని చెప్పకపోతివి."